కర్నూలు, అనంతపురం, కడపల్లో ప్రోలైఫ్ పనిలోకి దిగాలనుకుంటే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయాలి

కడుపులో పడిన నలుసుకు కూడా బతికే హక్కు ఉందని నమ్మేవాళ్ళు, అంటే ప్రోలైఫ్ అనేవాళ్ళు, మన జిల్లాల్లో తక్కువేం లేరు. చర్చికి పోయేవాళ్ళలో ఉన్నారు, దర్గాకు పోయేవాళ్ళలో ఉన్నారు, ఏకాదశి ఉపవాసాలుండే జేజిల్లో కూడా ఉన్నారు. అయితే నమ్మకం ఉంది సరే, పనిలోకి ఎట్ల దిగాలి అంటే మాత్రం చాలామందికి గుర్తొచ్చేది అమెరికాలో క్లినిక్కుల ముందు బోర్డులు పట్టుకుని నిలబడిన జనం ఫోటోలే. అక్కడి కథ వేరు. 1973లో అక్కడి సుప్రీంకోర్టు అబార్షన్ ఒక హక్కని రో వర్సెస్ వేడ్ తీర్పు ఇచ్చింది, దానికి వ్యతిరేకంగా 1974 నుంచి ఏటా వాషింగ్టన్‌లో ర్యాలీ తీస్తూ వచ్చారు, 2022 జూన్ 24న అదే కోర్టు ఆ తీర్పును కొట్టేసింది, అంటే దాదాపు యాభై ఏళ్ళు పోరాటమంతా కోర్టు చుట్టూనే తిరిగింది. మన దగ్గర అబార్షన్‌కు వీలిచ్చే చట్టం (ఎంటీపీ చట్టం) 1971లో పార్లమెంటే చేసింది. పైగా ఇక్కడ ఒక ఆడమనిషి కడుపు తీయించుకోవడానికి పోతోందంటే చాలాసార్లు దాని వెనక అత్త మాటో, మొగుడి బెదిరింపో, అప్పో, మళ్ళీ ఆడపిల్ల పుడుతుందేమోనన్న భయమో ఉంటుంది. కాబట్టి నా లెక్కలో మన పని క్లినిక్ ముందర కాదు, ఇంటి గడప దగ్గర. ఇక్కడ రాసేదంతా ఆ లెక్కతోనే.

మొదటి మెట్టు: చట్టం చదవండి, నినాదం తర్వాత

మీకు నచ్చినా నచ్చకపోయినా ఉన్న చట్టం ఏమిటో తెలియకుండా ఊర్లో మాట్లాడితే మొదటి ఏఎన్‌ఎమ్మే మిమ్మల్ని తప్పు పడుతుంది, ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు. 2021లో సవరించాక ఎంటీపీ చట్టం ఇట్ల ఉంది: 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవాళ్ళు లేదా విడాకులైనవాళ్ళు, వికలాంగులు, ఇట్లాంటి కొన్ని వర్గాలకే. 24 దాటితే బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం పోయే పరిస్థితి అయితే ఈ వారాల లెక్కే లేదు. పెళ్ళికాని అమ్మాయికి కూడా ఇదే వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది.

ఇందులో మనకు బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది, చాలామంది దాన్ని గమనించరు. 18 ఏళ్ళు నిండిన ఆడమనిషి విషయంలో చట్టం అడిగేది ఆమె ఒప్పుకోలు ఒక్కటే. భర్త సంతకం అక్కర్లేదు, అత్త సంతకం అసలే అక్కర్లేదు. దీన్ని తిరగేసి చూడండి: ఆమె వద్దంటే ఎవరూ చేయించలేరు. ఆమె ఇష్టం లేకుండా గర్భం తీయిస్తే భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా, యావజ్జీవం దాకా కూడా శిక్ష పడొచ్చు. బలవంతంగా ఆసుపత్రికి తీసుకుపోతున్నారని తెలిస్తే 112కో మహిళా హెల్ప్‌లైన్ 181కో ఫోన్ చేయండి. జిల్లా కేంద్రంలో హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి సెంటర్ ఉంటుంది, అవసరమైతే ఆమె అక్కడ తాత్కాలికంగా తలదాచుకోవచ్చు కూడా. ఉచిత లాయరు కావాలంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

ఇంకో మాట. అబార్షన్ చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు రాసి ఉంది అదే చట్టంలో. కాబట్టి ఆసుపత్రిలో తెలిసినవాళ్ళ ద్వారా పేర్లు లాగుదామని ఆలోచన కూడా పెట్టుకోకండి.

రెండో మెట్టు: ఆడపిల్లల లెక్క

మన మూడు జిల్లాల్లో ప్రోలైఫ్ అని పేరు పెట్టుకున్న ఎవరైనా ముందు చేయాల్సిన పని ఇదే అని నేను గట్టిగా అంటా. దీని మీద మతాలకు తేడా లేదు, పార్టీలకు తేడా లేదు, చట్టం పూర్తిగా మన పక్కనుంది, అయినా పని జరగడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001 జనాభా లెక్కల్లో 961 ఉంటే 2011కి 939కి పడిపోయారు. కడప జిల్లాలో అంతకన్నా తక్కువ. 2015 జనవరిలో కేంద్రం బేటీ బచావో బేటీ పఢావో మొదలుపెట్టి దేశంలో 100 జిల్లాలు ఎంచుకుంటే రాష్ట్రం నుంచి అందులో చేరింది కడప జిల్లానే. గొప్పలు చెప్పుకునే లిస్టు కాదది.

లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో చేశారు, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, 2003లో ఇంకా బిగించారు. స్కానింగ్‌లో ఆడా మగా అని నోటితో చెప్పడమే కాదు, సైగతో చెప్పినా నేరమే. ‘లడ్డూ పుడుతుంది’ లాంటి కోడ్ మాటలు కూడా అందులోకే వస్తాయి. డాక్టరుకు మొదటిసారి మూడేళ్ళ దాకా జైలు, 10,000 దాకా జరిమానా. చెప్పమని అడిగిన కుటుంబానికి జైలు అంతే, జరిమానా మాత్రం 50,000 దాకా. ఈ సంగతి రచ్చబండ దగ్గర చెప్పి చూడండి, మొహాలు మారతాయి. గర్భిణిని మాత్రం చట్టం వేరుగా చూస్తుంది, ఆమెను భర్తో చుట్టాలో బలవంతపెట్టారనే మొదట అనుకుంటుంది. మనమూ అట్లనే చూడాలి.

ఇప్పుడు పని. స్కానింగ్ సెంటర్లు గుట్టలుగా ఉండే వీధులు మీకు తెలుసు, కర్నూల్లో గాయత్రి ఎస్టేట్, అనంతపురంలో సాయినగర్ వైపు. ఇంట్లో ఎవరికైనా స్కానింగ్ ఉండి తోడుపోయినప్పుడు ఊరికే కూర్చోకుండా గోడలు చూడండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనబడేలా పెట్టాలి. ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు, అది నేరం’ అనే బోర్డు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండాలి. చట్టం కాపీ కూడా అందుబాటులో ఉండాలి. కొన్నిచోట్ల ఆ బోర్డు ఉంటుంది గానీ కౌంటర్ వెనకాల, ఫైనాన్స్ కంపెనీ క్యాలెండరు కింద సగం దాక్కుని, రంగు వెలిసిపోయి, ‘నిర్ధారణ’ అనే ముక్క తప్ప ఏమీ చదవడానికి రాకుండా ఉంటుంది. అది కూడా రాసుకోవాల్సిన విషయమే. తర్వాత ఫారం ఎఫ్. గర్భిణికి తీసే ప్రతి స్కాన్‌కీ ఆమె వివరాలతో ఆ ఫారం నింపాలి, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని ఆమె సంతకం, చెప్పలేదని డాక్టరు సంతకం ఉండాలి. నెల తిరగ్గానే 5వ తేదీలోపు అధికారులకు రిపోర్టు పోవాలి. ‘సంతకం ఎందుకులేమ్మా, తొందరగా పడుకో’ అన్నారంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఫిర్యాదు ఇట్ల చేయండి. తేదీ, సెంటర్ పేరు, కళ్ళారా చూసింది మాత్రమే ఒక పేజీలో రాయండి, విన్నది వేరే పేరాలో ‘విన్నాను’ అనే రాయండి. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇంకో కాపీ ఇస్తే దానికో నంబరు వస్తుంది, ఫైలు కదలకపోతే ఆ నంబరు పట్టుకుని అడగొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, ధర్మవరం, హిందూపురం వాళ్ళు పుట్టపర్తికి, ఆళ్ళగడ్డ, ఆత్మకూరు వాళ్ళు నంద్యాలకు పోవాలి, పాత అలవాటుతో అనంతపురం, కర్నూలు పోతే ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపుతారు. ఏం చేసినా కదలకపోతే, కోర్టుకు పోతామని అధికారికి 15 రోజులు తక్కువ కాకుండా నోటీసు ఇచ్చి మామూలు మనిషి కూడా నేరుగా కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు, ఆ దారి చట్టంలోనే ఉంది. ఒక్కటి మాత్రం వద్దు: గర్భిణిని వెంటబెట్టుకుని మీరే రహస్య కెమెరాతో దొంగ గిరాకీలా పోవడం. ఆ పని అధికారులు చేస్తేనే కేసు నిలబడుతుంది. మీరు చేస్తే కేసూ పోతుంది, ఆ అమ్మాయి పరువూ వీధిన పడుతుంది.

మూడో మెట్టు: మాట్లాడటం నేర్చుకోండి

అన్నిటికన్నా కష్టమైంది ఇదే. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు. మా గుంపులో ఒకావిడకు ఆదోని వైపు ఒక పల్లెలో జరిగిన సంభాషణ ఇక్కడ పెడుతున్నా, ఎందుకంటే ఏ శిక్షణ పుస్తకమూ ఇంత బాగా చెప్పదు.

“ఎన్నో నెలమ్మా?”
“మూడో నెలక్కా.”
“ఇంట్లో ఏమంటున్నారు?”
“మా అత్త బార్డర్ దాటి పోయి స్కానింగ్ తీయించుకుందామంటోంది. ఇద్దరూ ఆడపిల్లలే కదా, ఇప్పుడు కూడా అదే అయితే వద్దంట.”
“నీకేమనిపిస్తోంది?”
ఆ అమ్మాయి చాటలో బియ్యం ఏరుతూనే ఉంది, చాలాసేపటికి గాని మాట రాలేదు. “నన్నెవరడిగినారక్కా.”
“నేనడుగుతున్నా కదా.”

ఇక్కడ మన ఆవిడ పాపం పుణ్యం ఎత్తలేదు. బిడ్డ గుండె కొట్టుకుంటోందనీ చెప్పలేదు. మొదట అడిగింది, తర్వాత విన్నది, ఆ తర్వాత అత్తతో మాట్లాడటానికి ఆ ఇంటికి తెలిసిన పెద్దమనిషిని, ఆమె చిన్నాయన వరసయ్యే ఆయన్ని వెంటబెట్టుకుని పోయింది. అత్తలతో మాట్లాడేటప్పుడు చట్టం ఒక్కటే చెబితే గింజుకుంటారు. అశ్వత్థామ బాణం నుంచి ఉత్తర కడుపులో పరీక్షిత్తును కృష్ణుడు కాపాడిన కథ పల్లెలో తెలియని జేజి ఉండదు. ఆ కథతో మొదలుపెట్టి 50,000 జరిమానాతో ముగించండి, రెండూ పనిచేస్తాయి. బిడ్డ ఆడో మగో తేల్చేది మగవాడి వైపు నుంచి వచ్చే కణమే అని కొడుక్కి కూడా చెప్పండి, చాలామంది మొగుళ్ళకు ఈ ముక్క తెలియదు, కోడలిదే తప్పన్నట్టు ఇంకా నడుస్తోంది.

అబద్ధం మాత్రం ఆడకండి. అబార్షన్ చేయించుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతుంటుంది, దానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. రక్తపు ముద్దల ఫోటోలు పంపడం ఇంకా ఘోరం. ఆ గ్రూపులో కిందటేడు గర్భస్రావమైన ఆడమనిషి కూడా ఉండొచ్చు.

మిమ్మల్ని గట్టి ప్రశ్నలు అడుగుతారు, జవాబు దగ్గర పెట్టుకోండి. ‘2012లో ఐర్లండ్‌లో సవిత హలప్పనవర్ చనిపోయింది కదా, మీవాళ్ళ వల్లేగా’ అంటారు. ఆమె మన పక్క రాష్ట్రం బెళగావి ఆడబిడ్డ. 17 వారాల గర్భం నిలబడదని తెలిశాక కూడా, లోపల గుండె కొట్టుకుంటోందని ఆసుపత్రి ఆలస్యం చేసింది, ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి (సెప్సిస్) పోయింది. 2018లో అక్కడి జనం ఓటేసి అబార్షన్ మీద ఉన్న ఆ నిషేధాన్నే తీసేశారు. నా జవాబు సూటిగా ఉంటుంది: తల్లి ప్రాణం మీదకు వచ్చినప్పుడు అడ్డుపడేవాడు ప్రోలైఫ్ కాదు. ట్యూబులో గర్భం నిలిచినా, రక్తస్రావం ఆగకపోయినా 108 పిలవాలి, చర్చ పెట్టకూడదు. ఈ విషయంలో నీళ్ళు నమిలే వాళ్ళను మీ గుంపులో మైకు ముందుకు పంపకండి.

నాలుగో మెట్టు: కనమన్నాక తోడుండండి

‘కడుపు తీయించుకోవద్దు’ అని చెప్పి చేతులు దులుపుకుని వచ్చేస్తే మన మాటకు విలువేముంది? తొమ్మిది నెలలు, ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు, ఆ ఇంటితో లింకు తెగకూడదు. డబ్బులు మనమే పెట్టాలని కాదు, చాలావరకు సర్కారు దగ్గర ఉన్నాయి, అందవంతే. మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 వస్తాయి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులు, రక్తం, తిండి అంతా ఉచితం. ఇంటికి దిగబెట్టేది తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. ప్రతి నెల 9న పీహెచ్‌సీల్లో, ప్రభుత్వాసుపత్రుల్లో నాలుగో నెల దాటినవాళ్ళకు డాక్టరు పరీక్ష ఉచితం. మీ పని ఆధార్‌కు బ్యాంకు అకౌంటు లింకు అయిందో లేదో చూడటం, ఆశా కార్యకర్తతో స్నేహంగా ఉండటం, తల్లీబిడ్డ కార్డు పోగొట్టుకోకుండా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టించడం. చిన్నవే, కానీ వీటి దగ్గరే డబ్బులు ఆగిపోతుంటాయి.

కర్నూలు పడమటి మండలాల వాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది, సుగ్గి. కోసిగి, పెద్దకడుబూరు వైపు పంట కోతలయ్యాక ఊర్లకు ఊర్లు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప చేలకు పోతాయి, కడుపుతో ఉన్నవాళ్ళు కూడా టాటా ఏస్ వెనకాల కూర్చుని పోతారు. మూడు నెలలు పరీక్షలు లేవు, ఐరన్ మాత్రలు లేవు. పోయేముందే ఏఎన్‌ఎమ్‌తో మాట్లాడి మాత్రలు ఎక్కువగా ఇప్పించండి, కార్డు చూపిస్తే ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా చూస్తారని చెప్పండి, ఫోన్ నంబరు తీసుకుని వారానికోసారి పలకరించండి. వీలైతే కనీసం ఏడో నెల దాటినవాళ్ళు ఇంటిపట్టునే ఉండేలా ఆ ఇంటికి బియ్యం, పప్పు సర్దండి. కూలి పోతుంది కదా అని వాళ్ళడిగితే ఉపన్యాసంతో కడుపు నిండదు.

ఐదో నెలలో పెద్ద స్కాన్‌లో ఏదో లోపం కనబడిందంటే ఇంట్లో అందరికీ టెన్షన్, సాయంత్రానికల్లా నిర్ణయం అయిపోతుంది. అక్కడ ఒక్క పని చేయండి: పిల్లల డాక్టరును కలిసేదాకా ఆగమనండి. గ్రహణం మొర్రికి ఆపరేషన్ ఉంది, వంకర పాదాలు కట్లతోనే చాలావరకు సరవుతాయి. నిజంగా పెద్ద లోపమే అయితే వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్, పింఛను, ఫిజియోథెరపీ దారులు ముందే కనుక్కుని పెట్టండి. అనంతపురం వైపు వికలాంగుల కోసం ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది, బత్తలపల్లిలో వాళ్ళ ఆసుపత్రీ ఉంది. ఇవన్నీ తెలిశాక కూడా ఆ తల్లి వేరే నిర్ణయం తీసుకుంటే, ఆమెను వెలేసినట్టు చూడకండి. రేపు ఆమెకు మాట్లాడే మనిషి కావాలి, నిద్రపట్టకపోతే మానసిక సాయానికి సర్కారు పెట్టిన టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి.

ఐదో మెట్టు: పెంచలేనంటే

పెళ్ళికాని అమ్మాయో, ఇక ఇంకో బిడ్డను సాకలేని ఇల్లో, ‘కంటాను గానీ పెంచలేను’ అంటే చట్టబద్ధమైన దారి ఉంది. బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించొచ్చు. పేరు గుట్టుగా ఉంచుతారు. మనసు మారితే వెనక్కి తీసుకోవడానికి 60 రోజులు గడువుంటుంది, ఆ తర్వాతే దత్తతకు పోతుంది. ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098. దత్తత కావాలనుకునేవాళ్ళు దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుని వరసలో ఉండాలి, వేరే షార్ట్‌కట్ లేదు.

ఆసుపత్రి ఆయాలో, మధ్యవర్తులో ‘మాకు తెలిసిన పిల్లల్లేని దంపతులున్నారు, యాభై వేలిస్తారు’ అని వస్తారు. మంచి మనసుతోనే వచ్చినట్టుంటుంది. అది బిడ్డ అమ్మకం. ఐదేళ్ళ దాకా జైలు, లక్ష జరిమానా, ఆసుపత్రి సిబ్బంది అయితే మూడు నుంచి ఏడేళ్ళు. మన గుంపులో ఒక్కరు ఇందులో వేలు పెట్టినా మొత్తం పని మట్టిలో కలుస్తుంది.

గర్భంతో ఉన్న అమ్మాయికి 18 నిండకపోతే విషయం పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కిందకు వస్తుంది, సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత మీమీద ఉంటుంది, మీరు పంచాయితీ చేసి పెళ్ళి కుదర్చడానికి లేదు. మన వైపు బాల్యవివాహాలు ఇంకా ఆగలేదు కాబట్టి ఈ కేసు మీకు తప్పకుండా ఎదురవుతుంది.

ఆరో మెట్టు: గుంపు, డబ్బు, బహిరంగ కార్యక్రమం

దీనికి తొందరపడొద్దు. మొదటి ఏడాది పేరూ బోర్డూ లేకుండా నలుగురైదుగురు చాలు, అందులో సగానికి పైన ఆడవాళ్ళు ఉండాలి, కాన్పులు చూసినవాళ్ళు, ఒక నర్సు, ఒక లాయరు ఉంటే ఇంకా మంచిది. మగవాళ్ళు మాత్రమే ఉన్న గుంపు ఆడవాళ్ళ కడుపు గురించి మైకులో మాట్లాడితే ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి. మన దేశంలో ఈ పని ఎక్కువగా క్యాథలిక్ సంఘాల్లోనే నడుస్తోంది, కర్నూలు, కడప రెండు చోట్లా డయోసిస్‌లు (బిషప్ కింద ఉండే చర్చి పాలనా విభాగాలు) ఉన్నాయి, వాళ్ళ కుటుంబ విభాగంలో అడిగితే దారి చూపిస్తారు. కానీ గుంపును ఒక్క మతానికి కట్టేస్తే పల్లెల్లో సగం తలుపులు తెరుచుకోవు. ఎన్నికల ముందు ఏ పార్టీ కండువా వేసుకున్నా అంతే.

ఊరేగింపు చేయాలనుంటే ఆగస్టు 10 ఉంది, 1971లో ఎంటీపీ చట్టం వచ్చిన తేదీ. 2022లో అదే రోజున ఢిల్లీలో మార్చ్ ఫర్ లైఫ్ తీశారు, తర్వాతి ఏడాది త్రిసూర్‌లో. మన ఊర్లో తీయాలంటే పోలీసు అనుమతికి ముందుగానే దరఖాస్తు పెట్టండి, రూటు ఆసుపత్రుల ముందు నుంచి లేకుండా చూసుకోండి, ప్లకార్డుల్లో ఎవరినీ హంతకులని రాయకండి. ఊరేగింపులో నడిచేవాళ్ళలో కూడా ఎప్పుడో కడుపు తీయించుకున్నవాళ్ళు ఉంటారు. నన్నడిగితే ర్యాలీ కన్నా జనవరి 24న, జాతీయ బాలికా దినోత్సవం రోజు, ఆడపిల్ల పుట్టిన ఇళ్ళకు పోయి పళ్ళెంలో చీరా పసుపూ పెట్టి రావడం పదింతలు పనిచేస్తుంది.

డబ్బు చేతులు మారడం మొదలైతే సొసైటీగా రిజిస్టరు చేయించండి, రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ప్రతి రూపాయికీ రసీదు, ప్రతి మూడు నెలలకూ లెక్క అందరి ముందు. గల్ఫ్‌లో ఉన్న మన కడప వాళ్ళు డబ్బు పంపుతామంటారు. భారత పౌరుడిగా ఉండి తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఒక లెక్క, అక్కడి సంస్థో విదేశీయుడో ఇస్తే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి ముట్టకూడదు. ఆడిటరుకు చూపించాకే ఊ అనండి.